లండన్‌లో నేల టికెట్టు

లండన్ ట్యూబ్ మ్యాపులో ఆకుపచ్చ గీత ఒకటుంది. తూర్పున అప్‌మిన్‌స్టర్‌లో మొదలై, ఊరిని అడ్డంగా దాటుకుంటూ పోయి, పడమట పాయలుగా చీలిపోతుంది. డిస్ట్రిక్ట్ లైన్ అంటారు. పెద్ద వేగమేమీ లేదు, అయినా నాకు ఆ రైలంటే పక్షపాతం. ఈస్ట్ హామ్‌లో ఎక్కి కూర్చున్నామా, బండి మారే పనే లేదు. బ్లాక్‌ఫ్రయర్స్‌లో దిగితే షేక్‌స్పియర్, ఎంబాంక్‌మెంట్‌లో దిగితే మధ్యాహ్నపు కచేరీలు, సౌత్ కెన్సింగ్టన్‌లో దిగితే బీథోవెన్, ఇంకో మూడు స్టేషన్లు పోయి వెస్ట్ కెన్సింగ్టన్‌లో దిగితే త్యాగరాజు.

ఈస్ట్ హామ్ గురించి మన పిల్లలకి చెప్పక్కర్లేదు. చదువుకని లండన్ వచ్చిన తెలుగువాళ్ళలో సగం మంది ముందు ఆ చుట్టుపక్కలే సూట్‌కేసులు దించుతారు. దోసెల హోటళ్ళు, నగల కొట్లు, గుళ్ళు, అద్దాలకి అంటించిన గది అద్దె కాగితాలు. మాస్టర్స్ చదువు, వీసా ఒప్పుకున్న మేరకు వారానికి ఇరవై గంటల పని, ఒక ఇంట్లో ఆరుగురం, ఒకటే కుక్కరు. ఈ లెక్కలో నాటకమూ సంగీతమూ ఎక్కడ ఇమిడాయని మా పెదనాన్న ఫోన్‌లో అడిగేవాడు. ఆయన తెనాలిలో హార్మోనియం భుజాన వేసుకుని నాటక పరిషత్తు పోటీలన్నీ తిరిగిన మనిషి. అడగడంలో అసూయే ఎక్కువ.

ఇమిడాయంటే, నిలబడ్డాం కనక ఇమిడాయి. ఈ ఊళ్ళో కూర్చోడానికే ఖరీదు. వెస్ట్ ఎండ్‌లో పేరున్న మ్యూజికల్‌కి మంచి సీటు కొనాలంటే విద్యార్థి నెల బడ్జెట్ కుదేలవుతుంది. నిలబడతానంటే మాత్రం లండన్ చాలా ఉదారమైన ఊరు. పైగా ఆ నిలబెట్టడం వెనక్కి తోసి, ఓ మూలన కాదు. వేదిక ముందే.

ఈ సంగతి నా రూమ్మేటుకి, ఒంగోలు తమ్ముడికి, చెబితే మొదట నమ్మలేదు. వాడు రాత్రి షిఫ్టులో వేర్‌హౌస్‌లో పార్సిళ్ళు సర్దుతాడు. "నిలబడ్డానికి మనం డబ్బులివ్వడమేందన్నా? అక్కడ నిలబడితే గంటకింతని వాళ్ళే మనకిస్తన్నారు గదా!" అన్నాడు. అయినా వచ్చాడు, ఆదివారం ఇంట్లో ఉంటే గిన్నెలు తోమే వంతు తనదని.

బ్లాక్‌ఫ్రయర్స్ నుంచి థేమ్స్ దక్షిణపు ఒడ్డున నడుచుకుంటూ పోతే, టేట్ మోడర్న్ మ్యూజియం ఇటుక పొగగొట్టం దాటగానే, గ్లోబ్ కనిపిస్తుంది. తెల్ల సున్నం గోడలు, ఓకు దూలాలు, పైన గడ్డి కప్పు. 1666లో లండన్ తగలబడ్డాక నగరంలో గడ్డి కప్పుకి అనుమతి దొరికిన మొదటి కట్టడం ఇదేనట. కప్పులో నీళ్ళు చిమ్మే గొట్టాలు దాచి పెట్టారు. ఆ జాగ్రత్తకి కారణం ఉంది. 1599లో కట్టిన అసలు గ్లోబ్ 1613 జూన్ 29న కాలి బూడిదైంది. ఎనిమిదో హెన్రీ నాటకంలో రాజుగారు వేంచేసే ఘట్టానికి ఫిరంగి పేల్చారు, నిప్పురవ్వ కప్పు మీద పడింది. ప్రాణనష్టం లేదు. ఒకాయన లాగుకి నిప్పంటుకుంటే చేతిలోని బీరు పోసి ఆర్పారని ఆనాటి ఉత్తరమొకటి చెబుతోంది. మళ్ళీ కట్టారు. 1642లో ప్యూరిటన్లు నాటకాలన్నీ మూయించారు, ఆ తర్వాత భవనమూ పోయింది.

ఇప్పుడున్నది ఒక అమెరికన్ మొండిపట్టు. శామ్ వానమేకర్ అనే నటుడు 1949లో లండన్ వచ్చి షేక్‌స్పియర్ నాటకశాల ఎక్కడని వెతుక్కుంటూ పోతే, బీరు ఫ్యాక్టరీ గోడకి తగిలించిన కంచు ఫలకం ఒక్కటి కనిపించింది. హాలీవుడ్‌లో కమ్యూనిస్టుల పేరుతో వేట సాగుతున్న రోజులు కావడంతో ఆయన ఇంగ్లండులోనే ఉండిపోయాడు. 1970లో ట్రస్టు పెట్టాడు. చందాలు పోగుచేయడంలో, మునిసిపాలిటీతో వ్యాజ్యాల్లో ఇరవై ఏళ్ళు పోయాయి. 1993లో ఆయన కన్నుమూశాడు, 1997లో నాటకశాల తెరిచారు. ఇంగ్లీషువాళ్ళకి వాళ్ళ షేక్‌స్పియర్ ఇల్లు కట్టి పెట్టింది బయటివాడు.

గుండ్రటి ఇంటికి నడుమ కప్పులేని నేల. ఏడువందల మంది దాకా నిలబడొచ్చు. చుట్టూ మూడంతస్తుల్లో బల్లలు, కప్పు నీడ. మేము వెళ్ళినప్పుడు నేలకి టికెట్టు 5 నుంచి 10 పౌండ్లు. గొడుగు తెరవకూడదు, కూర్చోకూడదు. కాళ్ళు లాగి ఎవరైనా కింద చతికిలపడితే కార్యకర్త ఒకావిడ వచ్చి మర్యాదగా లేపుతుంది. వాన వస్తే పల్చటి ప్లాస్టిక్ కోటు కొనుక్కుని తడవాలి.

మేము చూసింది జూలియస్ సీజర్, మధ్యాహ్నం రెండింటి ఆట. ఆ నాటకాన్నే ఎంచుకోడానికి కారణం థామస్ ప్లాటర్. 1599 సెప్టెంబరు 21న ఈ స్విట్జర్లాండు కుర్రాడు ఇదే ఒడ్డుకి పడవలో వచ్చాడు. బాసెల్ ఊరివాడు, వైద్యం చదవడానికి ఫ్రాన్సులోని మాంపెలియే వెళ్ళి, చదువయ్యాక దేశాలు తిరుగుతున్నవాడు. మధ్యాహ్న భోజనం ముగించుకుని రెండింటి వేళకి గడ్డి కప్పు ఇంట్లో సీజరు నాటకం చూశాననీ, పదిహేను మంది దాకా వేషగాళ్ళున్నారనీ, అంతా అయ్యాక చక్కగా నాట్యం చేశారనీ రాసుకున్నాడు. టికెట్ల లెక్కా వదల్లేదు. నిలబడితే ఒక పెన్నీ. కూర్చోవాలంటే ఇంకో పెన్నీ. దిండు మీద కూర్చుని, నాటకం తనకీ తను నలుగురికీ కనపడాలనుకున్నవాడికి మూడో పెన్నీ. ఆ మూడో పెన్నీ పెద్దమనిషిని మనం ఎరుగుదుం. మన సభల్లో ముందు వరస సోఫాలో, శాలువా చుట్టుకుని, ఫోన్ చూసుకుంటూ ఉంటాడు.

గంట ముందే వెళ్ళాం కాబట్టి వేదిక అంచున మోచేతులు ఆనించే చోటు దొరికింది. వేదిక మన ఛాతీ ఎత్తున ఉంటుంది. నటుడు ముందుకొస్తే అతని బూటు లేసులు మన ముక్కుకి అందేంత దగ్గర. మైకుల్లేవు, రంగురంగుల లైట్లు లేవు. పగటి వెలుతురు వాళ్ళ మీదా మా మీదా ఒకేలా పడుతుంది. వాళ్ళకి మా ముఖాలు కనిపిస్తాయి. మామూలు హాల్లో చీకట్లో కూర్చున్న ప్రేక్షకుడు ఎవరికీ జవాబుదారీ కాడు. ఇక్కడ ఆవలిస్తే బ్రూటస్ చూస్తాడు.

సీజరు మిత్రుడు ఆంటొనీ ఉపన్యాసం నేను బడిలో బట్టీ పట్టినదే. పది మార్కుల ప్రశ్న. అప్పట్లో ఆ పాఠంలో నాకు నచ్చనిది రోము జనం. సీజరుని పొడిచిన బ్రూటస్ మాట్లాడితే అతనికి జై కొడతారు, నాలుగు పేజీలు తిప్పేసరికి అతని ఇల్లు తగలబెట్టమంటారు. ఇంత వెర్రిబాగుల జనం ఉంటారా అనిపించేది. గ్లోబ్‌లో ఆ జనం పాత్ర మాకే ఇచ్చారు. మామూలు చొక్కాల్లో మా మధ్య కలిసిపోయి ముగ్గురు నలుగురు నటులు నిలబడి ఉన్నారని బ్రూటస్ నోరు తెరిచేదాకా మాకు తెలియదు. వాళ్ళు కేకేస్తే మేమూ కేకేశాం. బ్రూటస్ చెప్పింది న్యాయంగానే అనిపించింది, చప్పట్లు కొట్టాం. తర్వాత ఆంటొనీ వచ్చి సీజరు శవం మీది బట్ట తీశాడు. గొంతు పెంచలేదు. వేదిక అంచుకి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, నా పక్కనున్న ఒంగోలు తమ్ముడి కళ్ళలోకి చూస్తూ, చచ్చినవాడి వీలునామా సంగతి ఎత్తాడు. తలా ఇంత డబ్బు రాసి పోయాడని. వెనకనుంచి ఎవరో "చదువు, చదువు" అని అరిచారు. ఆ తర్వాత అందరం అరిచాం. తమ్ముడి గొంతు నాకు విడిగా వినిపించింది. ఎన్నికల ముందు రాత్రి మన ఊళ్ళలో తిరిగే కవర్లు చూసిన వాళ్ళకి ఆ వీలునామా కిటుకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఆ ఘట్టం మధ్యలో వాన మొదలైంది. మూడో పెన్నీ వాళ్ళు కప్పు కింద పొడిగా ఉన్నారు. నేల మీద వాళ్ళం ప్లాస్టిక్ కోట్లు తొడుక్కునేసరికి ఏడువందల కోట్ల చప్పుడు. ఆంటొనీ ఆగాడు, ఆకాశం వైపొకసారి, మా వైపొకసారి చూశాడు. అదీ ఉపన్యాసంలో భాగమే అయిపోయింది. చివర చచ్చినవాళ్ళందరూ లేచి, ప్లాటర్ రాసినట్టే, కాళ్ళు తాటిస్తూ నాట్యం చేశారు. విషాదాంతమైనా అక్కడి ఆచారమది. సీజరూ బ్రూటసూ చేతులు పట్టుకుని గంతులేస్తుంటే, యుద్ధం పద్యాలయ్యాక మంగళం పాడే మన కృష్ణుడూ దుర్యోధనుడూ గుర్తొచ్చారు.

ఆ ఏడాది ఉగాదికి, బార్కింగ్ అవతల అద్దెకి తీసుకున్న హాల్లో, మనవాళ్ళు రాయబారం సీను వేశారు. కృష్ణుడు వారమంతా బ్యాంకులో సాఫ్ట్‌వేరు పని చేసుకునే మనిషి. గొంతు మాత్రం అచ్చమైన గుంటూరు జిల్లా గొంతు. హార్మోనియం ఎవరో సామాన్లతో పాటు ఇండియానుంచి మోయించుకొచ్చారు. ముందు రెండు వరసలు దాతలకి, వాళ్ళ బంధువులకి అట్టిపెట్టారు. వాళ్ళు భోజనాల వేళకి వచ్చారు. ఆ ఖాళీ వరసల మీదుగా కృష్ణుడు ఎక్కడో వెనకాల గోడకి ఆనుకున్న మా వైపు చూసి పాడాల్సొచ్చింది. పద్యం ఆఖరి రాగం తీయగానే మా ఒంగోలువాడు "వన్స్‌మోర్!" అని కేకేశాడు. కృష్ణుడి ముఖం వెలిగింది. మైకులో నిర్వాహకుడు టైము లేదన్నాడు.

వెస్ట్ ఎండ్ ఊసు త్వరగా ముగిస్తాను. ది మౌస్‌ట్రాప్ చూశాను. అగాథా క్రిస్టీ నాటకం, 1952 నుంచి ఆడుతోంది, కోవిడ్ మాత్రమే దాన్ని ఆపగలిగింది. నాటకం పాత ట్రంకు పెట్టెలా ఉంటుంది. చివర్లో నటుడు ముందుకొచ్చి హంతకుడెవరో బయట చెప్పొద్దని కోరడం ఒక్కటే తాజాగా ఉంది. నేను చెప్పను. ఎంబాంక్‌మెంట్ నుంచి వంతెన దాటితే వచ్చే నేషనల్ థియేటర్ ఇంతకి పదిరెట్లు మంచి చోటు. ఉత్త కాంక్రీటు కోటలా ఉంటుందని ఇంగ్లీషువాళ్ళే తిట్టుకుంటారు గానీ, లోపలి హాలు టికెట్టు లేకుండానే రోజంతా తెరిచి ఉంటుంది. వెచ్చగా ఉంటుంది, వైఫై ఉంది, ఎవరూ లేవమనరు. నా డిజర్టేషన్‌లో రెండు అధ్యాయాలు అక్కడి బల్లల మీదే రాశాను.

వంతెనకి ఇటు, ట్రఫాల్గర్ స్క్వేరు మూలన, సెయింట్ మార్టిన్ చర్చిలో మధ్యాహ్నం వేళ కచేరీలుంటాయి. ఎవరికి తోచినంత వాళ్ళు ఇవ్వొచ్చు. సంగీత కళాశాలల విద్యార్థులు, అప్పుడప్పుడే పేరొస్తున్న వాళ్ళు వాయిస్తారు. వినేవాళ్ళలో ఆఫీసు జనం, యాత్రికులు, రాత్రంతా రోడ్డు మీద గడిపి వెనక బల్ల మీద కునుకు తీస్తున్న ఒకరిద్దరు. చలికాలంలో చెల్లో వింటూ నిద్రపోయే ఆ హక్కుని అక్కడ ఎవరూ ప్రశ్నించరు.

ఈ మధ్యాహ్నపు కచేరీల అలవాటు యుద్ధకాలంలో బలపడింది. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించగానే లండన్‌లో నాటకశాలలు, కచేరీ హాళ్ళు మూసేశారు. ట్రఫాల్గర్ స్క్వేరులోని నేషనల్ గ్యాలరీ బొమ్మలన్నీ బాంబుల భయంతో వేల్సుకి తరలించారు, గోడలు బోసిపోయాయి. మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు గ్యాలరీ డైరెక్టరు కెనెత్ క్లార్క్ దగ్గరికి వెళ్ళి, ఆ ఖాళీ గదిలో కచేరీలు పెడదామంది. అక్టోబరు 10న మొదటిది. టికెట్టు ఒక షిల్లింగు. ఆవిడే వాయించింది, కొందరు స్నేహితులొస్తే చాలనుకుంది గానీ జనం బారులు తీరారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరున్నరేళ్ళు, దాదాపు 1,700 కచేరీలు. బాంబులు పడుతున్న నెలల్లో కింద నేలమాళిగలోకి మార్చారు. జర్మనీ విమానాలు పైన తిరుగుతుండగా కింద వాయించింది ఎక్కువగా జర్మన్ల సంగీతమే, బాఖ్, బీథోవెన్, బ్రామ్స్. వినేవాళ్ళు దాన్ని బహిష్కరించలేదు. మన దగ్గర ఒక క్రికెట్ మ్యాచి ఓడితే అవతలి దేశపు పాటగాళ్ళని తిట్టే రోజులివి.

సౌత్ కెన్సింగ్టన్‌కి వద్దాం. జూలై మధ్యనుంచి ఎనిమిది వారాల పాటు, రోజూ సాయంత్రం, రాయల్ ఆల్బర్ట్ హాల్లో ప్రామ్స్ కచేరీలు. అయిదువేల మందికి పైగా పట్టే గుండ్రటి మహా హాలు. 1871లో తెరిచారు, అప్పట్నుంచీ ప్రతిధ్వని బెడద. ఇంగ్లీషు స్వరకర్త తన కొత్త కృతిని రెండుసార్లు వినగలిగే ఒకే ఒక్క చోటు అదేనని పాత హాస్యం. 1969లో కప్పునుంచి పుట్టగొడుగుల్లాంటి ఫైబర్‌గ్లాసు పళ్ళేలు వేలాడదీశాక ఆ బాధ చాలావరకు తగ్గింది. వాద్యబృందం ముందున్న నేలంతా కుర్చీల్లేకుండా వదిలేస్తారు. నేను వెళ్ళిన ఏడాది నిలబడే టికెట్టు 8 పౌండ్లు, ఈస్ట్ హామ్‌లో ఒక బిర్యానీ. అంతకి పది రెట్లు పెట్టి బాక్సులో కూర్చున్న వాళ్ళకంటే మనమే కండక్టరుకి దగ్గర.

ఈ ఏర్పాటు 1895 ఆగస్టు 10న మొదలైంది, క్వీన్స్ హాల్ అనే వేరే చోట. హాలు మేనేజరు రాబర్ట్ న్యూమన్ ఆలోచన తేలికైనదే. టికెట్టు ఒక షిల్లింగు పెట్టాలి, జనాన్ని నిలబడనివ్వాలి, తిరగనివ్వాలి, తిననివ్వాలి, పొగ తాగినా ఊరుకోవాలి. ముందు తెలిసిన పాటలు వినిపించి, మెల్లమెల్లగా గట్టి సంగీతంలోకి దింపాలి. కండక్టరుగా 26 ఏళ్ళ హెన్రీ వుడ్‌ని పెట్టుకున్నాడు. డబ్బు కావాలి. డబ్బిచ్చింది జార్జి కాత్‌కార్ట్ అనే గొంతు డాక్టరు. ఆయన పెట్టిన షరతు నాకు భలే నచ్చింది. వాద్యాల శ్రుతి తగ్గించాలన్నాడు. అప్పటి ఇంగ్లండులో శ్రుతి మరీ పైన ఉండి పాడేవాళ్ళ గొంతులు చెడుతున్నాయని ఆయన బాధ. ఆయన దగ్గరకి వచ్చే రోగుల్లో గాయకులుండేవారు మరి. పద్య నాటకాల్లో ఒకటికి రెండు పై శ్రుతిలో పెట్టి గొంతులు పాడుచేసుకున్న మా పెదనాన్న స్నేహితులకి ఇలాంటి డాక్టరు ఒక్కడు దొరికి ఉంటే బాగుండేది.

హెన్రీ వుడ్ దాదాపు యాభై ఏళ్ళు ఆ కచేరీలు నడిపాడు. 1927లో బీబీసీ చేయి వేసింది. 1941 మే 10 రాత్రి క్వీన్స్ హాలు బాంబుకి కాలిపోయింది. శిథిలాల్లోంచి ఏరి తెచ్చిన వుడ్ కంచు తలని ఇప్పటికీ ప్రతి వేసవీ ఆల్బర్ట్ హాల్లో ఆర్గన్ ముందు నిలబెడతారు. ఆ మనిషి మీద వాళ్ళకెంత చనువంటే, ఆఖరి రాత్రి నేల టికెట్టు వాళ్ళలో ఒకరు వెళ్ళి ఆ తలకి ఆకుల దండ వేస్తారు.

మెట్ల మీద క్యూలో నాకు పరిచయమైన తెల్లజుట్టు పెద్దాయన ఆ కంచు తల చూపించి ఇదంతా చెప్పాడు. చేతికర్ర, సంచిలో మడత స్టూలు, జేబులో యాపిలు. విద్యార్థిగా ఉన్నప్పటినుంచీ నిలబడే వింటున్నాడట. ఎడమ పక్కకి రమ్మన్నాడు, పియానో వాయించేవాళ్ళ చేతులు కనపడతాయని. చప్పట్ల సంగతి కూడా ఆయనే చెప్పాడు. కృతిలో ఒక భాగం అయ్యాక, మొత్తం అయ్యేదాకా, చప్పట్లు కొట్టరు. కొట్టినా ప్రామ్స్‌లో ఎవరూ కసరరు గానీ, కొందరు మొహం చిట్లిస్తారు.

ఆ సాయంత్రం బీథోవెన్ నాలుగో పియానో కాన్సర్టో. పియానో మూత ఎత్తడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. వాళ్ళు చేయి వేయగానే నా చుట్టూ ఉన్న నేల టికెట్టు వాళ్ళంతా ఒక్క గొంతుతో "హీవ్!" అన్నారు. కప్పు దగ్గర గ్యాలరీలో నిలబడ్డవాళ్ళు "హో!" అని బదులిచ్చారు. మూత లేచింది. హాలంతా నవ్వింది. సూట్లు వేసుకున్న వాద్యబృందం కూడా. అంత పెద్ద హాల్లో అల్లరి చేసే హక్కు నిలబడ్డవాళ్ళదే, కుర్చీల వాళ్ళకి లేదు.

తర్వాత నిశ్శబ్దం. అప్పట్లో కాన్సర్టో అంటే ముందు వాద్యబృందం భజాయించాలి, విద్వాంసుడు ఆగి రావాలి. ఇందులో పియానోయే ముందు, ఒంటరిగా, మెత్తగా నాలుగు మాటలు అంటుంది. వాద్యబృందం బదులిస్తుంది, కానీ ఎవరూ ఊహించని వేరే ఆధార స్వరం మీదనుంచి. 1808 డిసెంబరు 22న వియన్నాలో చలికి వణుకుతున్న హాల్లో, నాలుగు గంటల కచేరీలో, బీథోవెన్ తనే దీన్ని వాయించాడు. అప్పటికే వినికిడి సన్నగిల్లింది. అదే రాత్రి అయిదో సింఫనీ, ఆరో సింఫనీ కూడా మొదటిసారి వినిపించాడు. విన్నవాళ్ళు ఏమైపోయారో!

రెండో భాగం నాకు నేరుగా అర్థమైంది. తీగ వాద్యాలన్నీ ఒకే గొంతుతో, కటువుగా, మాట విసురుతాయి. పియానో మెల్లగా జవాబు చెబుతుంది. వాళ్ళు మళ్ళీ విసురుతారు, ఇది మళ్ళీ మెత్తగానే. కౌరవ సభలో కృష్ణుడు. అయిదారు నిమిషాల్లో ఆ కటువు గొంతులు తగ్గుతూ తగ్గుతూ నేల చూపులు చూశాయి. ఇక్కడ రాయబారం ఫలించింది.

ఒక్కటే ఇబ్బంది. చెయ్యి ఊరుకోదు. మన కచేరీల్లో తొడ మీద తాళం వేసుకుంటూ వింటాం, లెక్క మన చేతిలో ఉంటుంది. ఈ సంగీతంలో కాలం సాగుతుంది, కుంచించుకుంటుంది. దాన్ని పట్టుకునే కర్ర కండక్టరు చేతిలో ఉంది. చేతులు కట్టుకుని ఆ పెత్తనం ఆయనకి వదిలేయడమే. అలాగని ఈ బిగుసుకుని వినడం అనాదినుంచీ ఉన్న ఆచారమేమీ కాదు. 1813లో ఏడో సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు రెండో భాగం అవగానే వియన్నా జనం కేకలేసి దాన్ని మళ్ళీ వాయించుకున్నారు. విరామంలో ఈ మాట పెద్దాయనతో అంటే, తలూపి, ఆ మర్యాదలన్నీ తన తాతల కాలంలో వచ్చిపడ్డవేనని ఒప్పుకున్నాడు. మా ఒంగోలువాడు అక్కడ ఉంటే బీథోవెన్‌కి న్యాయం జరిగేది. కానీ వాడికి ఆ రాత్రి షిఫ్టు.

పెద్దాయనకి మన కచేరీల గురించి చెప్పాను. ముందే రాసి పెట్టుకోని సంగీతమనగానే ఆయన నోటుపుస్తకం తీసి చిరునామా రాసుకున్నాడు. శరదృతువులో ఒక శనివారం నిజంగానే వచ్చాడు. వెస్ట్ కెన్సింగ్టన్‌లో భారతీయ విద్యాభవన్ శాఖ ఉంది, 1972లో పెట్టారు, ఒకప్పుడు చర్చిగా ఉన్న కట్టడం. లోపల వీణ, మృదంగం, గాత్రం, భరతనాట్యం నేర్పుతారు. వారాంతం మెట్ల మీద వయొలిన్ పెట్టెలతో పిల్లలు, వాళ్ళ కోట్లు పట్టుకుని అమ్మలు, కింద క్యాంటీన్‌లోంచి సాంబారు.

పాడింది లండన్‌లో పుట్టిన ఒక అమ్మాయి. తల్లిదండ్రులు జాఫ్నా నుంచి వచ్చారట. మాట్లాడితే అచ్చం బీబీసీ. నోరు తెరిచి త్యాగరాజ కీర్తన ఎత్తుకుంటే తిరువయ్యారు. ఆ హాల్లో తెలుగు చదవగలిగిన వాళ్ళం పది మందికి మించి ఉండం, సాహిత్యం నోటికి వచ్చిన వాళ్ళు మాత్రం సగం పైనే. ఆలాపన మొదలైంది. పెద్దాయన నా చెవిలో, ఇది ఎంతసేపుంటుందని అడిగాడు. ఆ అమ్మాయికే తెలియదని చెప్పాను. ఆయన కర్ర పక్కన పెట్టి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

కీర్తనలోకి వచ్చాక, "ఏమంటున్నాడు?" అన్నాడు.

"దేవుణ్ణి దెప్పుతున్నాడు. ఇంతసేపూ పిలిస్తే రాకుండా ఎక్కడ కూర్చున్నావని."

"దేవుణ్ణా?"

"ఆయనకి చనువెక్కువ."

తాళం ఎలా వేయాలో ఆయన చేయి పట్టి చూపించాను. అరచెయ్యి, వేళ్ళు, తిప్పడం. రెండు ఆవృతాలకి పట్టేశాడు. యాభై ఏళ్ళు చేతులు కట్టుకుని విన్న మనిషి, కొంచెం గట్టిగానే చరుస్తున్నాడు. పక్కావిడ ఒకసారి తిరిగి చూసి, లెక్క సరిగ్గా ఉందని చూసుకుని, ఊరుకుంది.

తని ఆవర్తనం వచ్చింది. వయొలిన్ ఆగింది, మృదంగం కుర్రాడు చొక్కా చేతులు పైకి లాక్కుని మొదలుపెట్టాడు. ఎప్పట్లాగే హాల్లో నాలుగోవంతు జనం లేచారు.

"ఎక్కడికి వెళ్తున్నారు వీళ్ళంతా?" అన్నాడు పెద్దాయన కంగారుగా.

"కాఫీకి."

"ఆ అబ్బాయి ఇప్పుడేగా మొదలుపెట్టాడు!"

"అందుకే."

నా జవాబు ఆయనకి ఎక్కినట్టు లేదు. ముందు వరసల్లో ఖాళీ అయిన కుర్చీలకేసి చూశాడు, కర్ర అందుకున్నాడు, "పదండి, పదండి" అని నన్ను లేపాడు. వాళ్ళు క్యాంటీన్ మెట్లు దిగేలోపే రెండో వరసలో, మృదంగానికి ఎదురుగా, రెండు కుర్చీలు పట్టేశాం.